సీసాలోని పెద్దమనిషి

హైదరాబాదు, కాలేజీ హాస్టలు
18 జూన్ 1967

మెట్‌పల్లి మగ్గాల మహాప్రభువు, మా దేవవ్వక్కకు ఏలిక, పర్శరాములు బావగారి దివ్య సముఖమునకు బామ్మర్ది దశరథం చేసుకొను విన్నపం.

అక్క రాసిన కార్డు నిన్న అందింది. పిండి గిర్ని బెల్టులో పడి నీ కుడిచేతి చూపుడువేలు మొదలంటా పోయిందని, ఇరవై రోజులు నాకు తెలియకుండా దాచారని చదివి, తింటున్న పళ్ళెం ముందు నుంచి లేచిపోయాను. ఆ సంగతి ఒక్కసారి రాసి వదిలేస్తున్నాను. నేను ఏడ్చానని తెలిస్తే నువ్వు ఊరంతా చాటింపు వేయిస్తావు.

ఇందులో నాకొక లాభం కూడా ఉంది. వచ్చిన చుట్టానికల్లా నన్ను చూపించి "గీడే మా బామ్మర్ది, ఎప్పుడు సూసినా సదువుతనే ఉంటడు" అనేవాడివి. ఇక ఏ వేలుతో చూపిస్తావు?

బావా, అసలు పొరపాటు నీ పుట్టుకలో జరిగింది. నువ్వు మనిషివై కాక, మా జంతుశాస్త్రం ల్యాబులో సీసాలో ఉండే పెద్దమనిషివై పుట్టాల్సింది. ఆయన పేరు అక్సొలాటల్, ఇంటిపేరు అంబిస్టోమా, ఊరు మెక్సికో. బొరియల్లో కాపురముండే సాలమాండర్ల వంశం. బల్లికీ చేపకూ సంబంధం కుదిరితే పుట్టే బిడ్డలా ఉంటాడు. ఆయనకు కాలు తెగితే కాలు, తోక తెగితే తోక మళ్ళీ మొలుస్తుంది. ఎముక, కండ, తోలు, వరుసగా అన్నీ వచ్చేస్తాయి. మచ్చ కూడా మిగలదు. నాలుగు కాళ్ళు, మనలాగే ఇరవై వేళ్ళు, ఎన్నిసార్లు పోయినా లెక్క తప్పదు. నువ్వూ అదే వంశంలో పుట్టి ఉంటే ఈపాటికి కొత్త వేలుతో నా ముక్కు పిండేవాడివి.

గాయం తడవనీయకు. అక్క మాట విను.

నీ వేలు విరోధి, నీ చెయ్యి స్నేహితుడు,
దశరథం


మెట్‌పల్లి
27 జూన్ 1967

బామ్మర్ది దశరథానికి మీ బావ రాసేది.

నీ ఉత్తరం చేరింది. కలం బొటనవేలుకు నడిమి వేలుకు మధ్యల ఇరికిచ్చి రాస్తున్న. అచ్చరాలు తాగినోని లెక్క వంగుతున్నయి, జర ఏమనుకోకు. కాయితం మాత్రం మంచిది, కాగజ్‌నగర్ మిల్లుది.

జొన్నలు పట్టియ్య పోయిన. బెల్టు జారింది, పట్టుకున్న. తప్పు నాదే.

వేలు పోయినందుకు నాకు ఫికర్ లేదు. ఫికరంత పున్నమిది. నీకెరుకే గద, గీ శ్రావణంల మన సాలోల్ల నూలు పున్నమికి మార్కండేయ గుడిల కండువ నేసే వంతు మనింటిది. పన్నెండేండ్లకొక్కసారి వస్తది. పోయిన వంతుకు మా బాపు నేసిండు, నేను నూలు కండెలందిచ్చిన. పొద్దుపొడుపుల కూసుంటె పొద్దుగూకకముందే నేసి మగ్గం మీదికెల్లి దింపాలె. పోగు తెగితె నేసేటోడే ముడెయ్యాలె. ఇంకొకని చెయ్యి పడ్డదంటె ఆ కండువ దేవుని మెడల వెయ్యరు.

పోగు ముడేసేది బొటనవేలు, చూపుడువేలు కలిసి. గాయింత పనే. గా పనే నాకు వస్తలేదు. వేసినట్టే ఉంటది, గుంజితె జారుతది. మా పాలోల్ల బాలమల్లు సంఘంల లేచి "వేలు లేనోడు దేవునికేం నేస్తడు, వంతు మాకియ్యుండ్రి" అన్నడు. సంఘం పెద్ద లింగమూర్తి తాత "పున్నమిదాక ఆగుండ్రి, సూద్దాం" అన్నడు.

ఇగ నీ ఉత్తరం సంగతి. నాలుగుసార్లు చదివిన. మీ అక్క "వాడు మస్కిరి చేస్తుండు, నీకు సమజైతలేదు" అన్నది. "సదువుకున్నోడు ఎముక, కండ, తోలు అని వరుసవెట్టి రాసిండు, మస్కిరికి గంత వరుస ఉండదు" అని నేనన్న. నాకు మూడు సంగతులు చెప్పు. గా జీవి మన దిక్కు దొరుకుతదా, జైనూర్ అడవిలనన్న? మొలిసేటందుకు ఎన్ని దినాలు వడ్తది? దాన్ని తినాల్నా, ఉడుము నూనె లెక్క కాసి పుయ్యాల్నా?

జల్ది రాయి.

మీ బావ,
పర్శరాములు


హైదరాబాదు
5 జూలై 1967

వేళాకోళ చక్రవర్తి, బావగారికి,

నీ మూడు ప్రశ్నలు చదివి మంచం మీద పొర్లి నవ్వాను. పక్క మంచం లింగారావుకు కూడా చదివి వినిపించాను. "మీ బావ నీకంటే ముదిరినవాడు" అన్నాడు. నిజమే, నన్ను ఏడిపించడానికి ఎంత గంభీరంగా అడిగావు! నేను మాత్రం ఓడిపోతానా? శాస్త్రోక్తంగా జవాబు రాస్తున్నాను, తలంటుకుని కూర్చుని చదువు.

స్వరూపం: తల పారలాగా చదును. నోరు చెవి నుంచి చెవి దాకా, చెవులు మాత్రం లేవు. కళ్ళకు రెప్పల్లేవు కాబట్టి పాఠంలో నిద్రపోయినా గురువుగారికి దొరకడు. మెడకు అటు మూడు, ఇటు మూడు మొప్పలు కుచ్చుల్లాగా బయటికే వేలాడతాయి, నీళ్ళల్లో ఊపిరి వాటితోనే. పక్కల మీద, పక్కటెముకల మధ్య, నిలువు గాడులు వరుసగా ఉంటాయి. నువ్వు చారల పడుగు పరిచినట్టే.

నడవడి: ఈయన చుట్టాలు ఏడాదంతా పరాయి ఎలుకల బొరియల్లో దాక్కుంటారు. వాన పడగానే బయలుదేరి, నడిచి నడిచి నీటిగుంటకు చేరి గుడ్లు పెట్టి తిరిగి బొరియకు పోతారు. పిల్లలు మొప్పలతో నీళ్ళల్లో పెరిగి, మొప్పలు పోయాక ఊపిరితిత్తులతో గట్టెక్కుతారు. మన పెద్దమనిషి మాత్రం గట్టెక్కడు. మొప్పలు వదలడు. జన్మంతా పిల్లవాడే, అలాగే పిల్లల్ని కూడా కంటాడు. అక్క నన్ను తిట్టే తిట్లన్నీ ఆయనకు కొలిచి కుట్టినట్టు సరిపోతాయి.

ఇక నీ సందేహాలు. మన దిక్కు దొరకడని ప్రమాణం చేయలేను. వాన పడ్డాక మడుగుల్లో వెతుకు. తోకా, కాళ్ళూ రెండూ ఒకే ఒంటికి ఉన్న జీవి కనబడితే ఆయనే. మొలవడానికి రెండు నెలలు. ముందు తెగినచోట తోలు మూసుకుంటుంది, కింద ఒక బొడిపె లేస్తుంది, ఆ బొడిపెలోంచే అంతా బయటికి వస్తుంది. ఆయన్ని తినరాదు, పూయరాదు. దర్శనం చాలు. మా ల్యాబులో గాజు మందిరంలో, దివ్యద్రవంలో మునిగి ఉంటాడు. ఏళ్ళ తరబడి అన్నపానాలు ముట్టలేదు.

మొన్న రికార్డు పుస్తకంలో ఆయన బొమ్మ వేశాను. కాలుకు ఐదేసి వేళ్ళు, దువ్వెన పళ్ళలాగా ఎంత ముద్దుగా వచ్చాయో. గురువుగారు ముందు కాళ్ళు రెండింటి చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఇచ్చారు. ఎందుకో అర్థం కాలేదు. బాగా నచ్చి ఉంటాయి.

బాలమల్లును పట్టించుకోకు. వాడికి పది వేళ్ళున్నా బుర్ర ఒక్కటి తక్కువ.

ఆస్థాన జంతుశాస్త్రి,
దశరథం


మెట్‌పల్లి
16 జూలై 1967

బామ్మర్ది,

దొరికింది.

వానలు మంచిగ పడ్డయి. చెరువు కింది మడుగు కాడికి పోయి చూసిన. నువ్వు రాసినట్టే తోక ఉన్నది, కాళ్ళున్నయి. కాళ్ళు ఎనకయి రెండే ఎల్లినయి, ముందటియి ఇంకా లోపలున్నట్టున్నయి. ఒకటి గాదు, ముప్పయి దాక పట్టుకొచ్చి గంజి బానల పోసిన. కుచ్చులు మాత్రం కనవడ్తలేవు. మన దిక్కు నీళ్ళకు రాలిపోయినయేమో, నువ్వే చెప్పాలె.

పెద్ద పరీక్ష చేసిన. ఒకదానికి తోక సగం కత్తిరిచ్చి వేరే గిన్నెల ఇడిసిన. వారం తిరగకముందే మల్ల అచ్చినట్టే అచ్చింది. నా కండ్లతోని చూసిన. కాలు గూడ కోద్దామంటె మీ అక్క కత్తెర గుంజుకున్నది. "నీకు వేలు పోయిందని ఊళ్ళె అందరి కాళ్ళు తీస్తవా" అని ఒకటే లొల్లి. గంజికి బాన లేక ఆమెకు నా మీద కోపమున్నది. నూలుకు గంజి పెట్టేది గా బానలనే నాయె.

ఇంకొకటి. నా వేలు తెగిన కాడ తోలు మూసుకున్నది. కింద బొడిపె లేచింది. నువ్వు రాసిన బొడిపెనే. పొద్దుగాల లేచి ముందు దాన్నే చూస్తున్న. రెండు నెల్లంటివి, లెక్కవెడితె నెలాఖరుకు రావాలె. బాలమల్లుకు చూపిచ్చిన. "కాయ కాసింది" అని నవ్విండు. నవ్వనీ.

తినుడు లేదు, పుయ్యుడు లేదు అంటివి, మంచిదాయె. దర్శనం ఒకటి బాకీ ఉన్నది. ఏండ్లకేండ్లు తినకుంట నీళ్ళల్ల కూసున్న జీవి అంటె మామూలుది గాదు. వారంల వస్తున్న.

పర్శరాములు


హైదరాబాదు
20 జూలై 1967 (కార్డు)

బావా, నాకు పిచ్చెక్కుతోంది. నువ్వు ఇంకా వేళాకోళమే ఆడుతున్నావా, నిజంగానే అంటున్నావా? నువ్వు పట్టినవి కప్పపిల్లలు. ఉత్త కప్పపిల్లలు. రేపో మాపో తోక పోగొట్టుకుని బెకబెకమంటాయి. బానలో గంజి పోసుకోండి. వేషాలు మాని ఇంటి దగ్గరే ఉండు. మా క్లాసు రేపు చేపల సేకరణకు మంజీర ఒడ్డుకు పోతోంది, ఆరు రోజులు ఊళ్ళో ఉండను. వచ్చాక వివరంగా రాస్తాను. దశరథం.


మెట్‌పల్లి
30 జూలై 1967

దశరథానికి,

నీ కార్డు నేను ఊరికి తిరిగి వచ్చినంక చూసిన. అప్పటికే నేను పట్నం పోవుడు, వచ్చుడు అయిపోయింది.

నువ్వు లేవన్నరు. ల్యాబుల నౌకరి చేసే అంబదాస్ ఉన్నడు గద, ఆదిలాబాద్ దిక్కోడు, మాటకొక్క మరాఠి ముక్క కలుపుతడు, ఆయన మంచిగ చూసిండు. చాయ తాగిచ్చిండు. "దశరథం వాళ్ళ బావవా? యా, యా, లోపలికి రా కాకా" అని సీస కాడికి తోలుకపోయిండు. "హాత్ లావూ నకో, చెయ్యి పెట్టకు, పగుల్తది" అన్నడు. సీస దుమ్ము పట్టి ఉన్నది. నా కండువతోని తుడిసిన.

నువ్వు రాసినట్టే ఉన్నయి అన్ని. పార లెక్క తల, అటు మూడు కుచ్చులు, ఇటు మూడు కుచ్చులు, పక్కల పొంటి గాడులు. పాలిపోయి ఉడికిన గుడ్డు లెక్క ఉన్నది. చెప్పులు ఇడిసి దండం పెట్టిన. అంబదాస్ నా మొకం దిక్కు వింతగ చూసిండు.

ఇగ వేళ్ళు లెక్కవెట్టిన. ఎనక కాలుకు అయిదు. ఇంకో ఎనక కాలుకు అయిదు. ముందటి చేతికి నాలుగు. ఇంకో చేతికి గూడ నాలుగే. మూడుసార్లు లెక్కవెట్టిన. రెండు చేతులకు ఒక్కొక్క వేలు లేదు.

"గిది ఎన్నేండ్ల సంది ఉన్నదే?" అన్న.

"నేను నౌకరికి చేరిన కాడికెల్లి సూస్తున్న. అకరా వర్షాలు, పదకొండేండ్లు."

"పదకొండేండ్లకు గూడ వేళ్ళు మొలువలేదా?"

"సచ్చినదానికేం మొలుస్తది కాకా?" అన్నడు అంబదాస్. నవ్వలే. నవ్వితె బాగుండు.

అది సచ్చిందని పరాయోడు చెప్పంగ ఇన్న బామ్మర్ది. నువ్వు రాయలే.

బస్సుల అచ్చుకుంట ఆలోచించిన. బతికున్ననాడు గూడ దానికి మొలువకనే గద నాలుగు వేళ్ళతోని సచ్చింది. గంత మైమ ఉన్న జీవికే రాని వేలు నాకేడికెల్లి వస్తది? నిన్న లింగమూర్తి తాత ఇంటికి పోయి, వంతు బాలమల్లుకియ్యుండ్రి అని చెప్పిన.

నిన్నేమంటలేను. మంచిగ చదువుకో.

పర్శరాములు


హైదరాబాదు
9 ఆగస్టు 1967

బావా,

ఈసారి బిరుదులు లేవు. నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను, అందుకే ఆలస్యమైంది.

ముందు చెప్పాల్సింది ముందు చెబుతాను. నీ వేలు మొలవదు. మనుషులకు మొలవదు. నీకు లేచిన బొడిపె మానిన గాయం, అంతే. ఈ మాట జూన్‌లోనే రాయాల్సింది. నువ్వు అడిగినవన్నీ నన్ను ఆటపట్టించడానికే అనుకున్నాను. నువ్వు నిజంగా అడుగుతున్నావని అక్కకు తెలుసు, బాలమల్లుకు కూడా తెలుసు, చదువుకున్న నాకే తెలియలేదు.

నీ ఉత్తరం రాగానే ల్యాబుకు పోయాను. సీసా ఒక పక్క తళతళలాడుతోంది. నీ కండువా తుడిచిన పక్క. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. ముందు నాలుగు, వెనుక ఐదు. నాలుగు! రెండేళ్ళుగా ఆ సీసా ముందు నుంచి నడుస్తున్నాను, బొమ్మ వేశాను, నీకు ఇరవై వేళ్ళని రాశాను, ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. మనకు ఐదుంటాయి కాబట్టి దానికీ ఐదే గీశాను. ఎర్ర సున్నాలు మెచ్చుకోలు కాదు బావా, తప్పులు.

రికార్డు తీసుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళాను. "ఇప్పుడు లెక్కపెట్టావా?" అన్నారు. నేను కాదు, మెట్‌పల్లిలో మా బావ నేత నేస్తాడు, ఆయన లెక్కపెట్టాడు అన్నాను. రికార్డు మూసి నా చేతికిచ్చి "అయితే ఆయన్ని ఇక్కడికి పంపించు, నువ్వు పోయి మగ్గం మీద కూర్చో" అన్నారు.

కానీ నువ్వు ఒక్కచోట పొరబడ్డావు. దాని వేళ్ళు తెగలేదు. మొలవక ఆగిపోలేదు. దాని వంశానికి ముందు కాళ్ళకు పుట్టుకతోనే నాలుగు వేళ్ళు. ఆ కాలు కోసినా మళ్ళీ నాలుగే వస్తాయి. ఐదోది దానికి ఎన్నడూ లేదు, అది లేదని ఎన్నడూ ఆగిపోలేదు. ఆ నాలుగింటితోనే మెక్సికో చెరువు అడుగున నడిచింది.

వంతు ఎందుకు వదిలేశావు? ఇంకా పదకొండు రోజులున్నాయి. వెళ్ళి లింగమూర్తి తాతను అడుగు. నేనే వచ్చి ఆయన కాళ్ళ మీద పడేవాణ్ణి, పున్నమి మర్నాడే నాకు ప్రాక్టికల్ పరీక్ష. నువ్వు తిట్టినా సరే, ఒక ముక్క రాయి.

దశరథం


మెట్‌పల్లి
23 ఆగస్టు 1967

పట్నం పండితులు, సచ్చిన జీవాల సర్దార్, బామ్మర్ది దశరథం గారికి,

నీ ఉత్తరం పన్నెండో తారీకు అందింది. దానికి మూడు దినాల ముందుగాలనే నాకు కప్పలు చెప్పినయి.

మీ అక్క గంజి బాన కావాలని రోజు కొట్లాడుతుంటె, ఆటిని మడుగుల ఇడుద్దామని వంగి చూసిన. ముందటి చేతులెల్లినయి అన్నిటికి. నాలుగేసి వేళ్ళు. ఒక్కదానికి గాదు, ముప్పయింటికి. ముప్పయింటి వేళ్ళు కూసుండవెట్టి ఎవడు కోస్తడు? మడుగు కాడ పెద్ద కప్పలను పట్టి చూసిన. ఆటికి గూడ ముందట నాలుగే. ఎన్నేండ్ల సంది ఆటి లొల్లి ఇనుకుంట నేసిన, ఎన్నడన్న చేతులు చూసిన్నా?

గప్పుడు ఇంటికచ్చి మగ్గం మీద కూసున్న. నీకొక్కనికే చెప్తున్న, ఎవ్వలకు చెప్పకు. గిన్ని దినాలు నేను లేని వేలుతోనే ముడేస్తున్న. బొటనవేలు పోయి లేనికాడ తడుముతది, పోగు జారుతది. ఉన్న వేలును అడగనే లేదు. నడిమి వేలును బొటనవేలుకు ఆనిచ్చి మెల్లగ తిప్పిన. పడ్డది. గుంజిన. జారలే.

తెల్లారంగనే మీ అక్కను తోలుకొని లింగమూర్తి తాత ఇంటికి పోయిన. "వంతు మల్ల నాకియ్యి తాతా" అన్న.

"పోయినసారి నువ్వే వద్దంటివి. ఇప్పుడేం మారింది?"

"కప్పలకు నాలుగే ఉన్నయి."

ముసలాయన నా దిక్కు, మీ అక్క దిక్కు మార్చి మార్చి చూసిండు. వేలుతోని మెదడు గూడ పోయిందనుకున్నట్టున్నడు. బాలమల్లు గూడ అక్కడనే ఉన్నడు. నేను ఆల్ల ముందటనే పోగు తెంపి ముడేసి చూపిచ్చిన. తాత గుంజి చూసిండు. రెండోసారి గుంజిండు. "కప్పల సంగతి నాకెందుకుగని, ముడి మంచిగున్నది" అన్నడు.

ఇగ పున్నమి నాడు. పోగు ఏడుసార్లు తెగింది. ఏడు ముడులు నేనే వేసిన, ఇంకో చెయ్యి పడనియ్యలే. మా బాపు జాము పొద్దు ఉండంగనే దింపిండు. నేను దింపేటాళ్ళకు జానెడు పొద్దు మిగిలింది. ముడులు లావుగ వడ్డయి, దేవుని మెడల వేస్తె దూరం నుంచి గూడ కనవడ్తున్నయి. బాలమల్లు దగ్గరికి పోయి లెక్కవెట్టిండు. లెక్కవెట్టనీ. నీకు రాకున్నా ఆయనకు లెక్కవెట్టుడు అచ్చింది.

కప్పలను ఇడిసేసినం. ఒకటి మాత్రం పోలేదు, మగ్గం గుంతల ఉంటున్నది. మీ అక్క దానికి నీ పేరు పెట్టింది. ఒర్లుడు తప్ప పని చెయ్యదట.

నీ పరీక్ష మంచిగ రాసినవనుకుంట. అంబదాస్‌కు నా దండాలు చెప్పు. సీస అప్పుడప్పుడు తుడువు. పాపం, దాని మీద మనిద్దరం లేనిపోని నిందలు వేసినం, నువ్వు రెండు ఎక్కువ చేస్తివి, నేను రెండు తెగినయంటి.

రాత్రి అన్నాలు తిన్నంక మీ అక్క నా కాళ్ళు చేతులు ముందటేసుకొని లెక్కవెట్టింది. పంతొమ్మిది. నీ పెద్దమనిషికి పద్దెనిమిది. వంశం ఎంత గొప్పదైనా, దానికంటె నాకే ఒకటి ఎక్కువున్నది.

పంతొమ్మిది వేళ్ళ మీ బావ,
పర్శరాములు